అలన్ మాథిసన్ ట్యూరింగు (1912–1954)

మన విశాఖపట్టణమునకు 1933వ సంవత్సరమున నేటి రేవు ఏర్పడినది. అంతకు ముందు ఓడలు దూరముగా సముద్రమున లంగరు వేసికొని నిలువగా, పడవలవారు కెరటముల కెదురేగి సరకును ఒడ్డునకు జేర్చెడివారు. ఆ పాతకాలమున దొరలకును దేశీయ వర్తకులకును నడుమ నిలిచి, ఒకరి మాట నొకరికి దెలియజెప్పెడివానిని దుబాసి యనిరి. దుబాసి యనగా రెండు భాషల నెఱిగినవాడు. నేటి కంప్యూటరులయందును అట్టి దుబాసి యొకడు కలడు. మనము వ్రాసిన ప్రోగ్రామును వాక్యము వెంబడి వాక్యముగా జదివి, యంత్రముచేత ఆ పని జేయించెడి మఱియొక ప్రోగ్రామునకు ఇంటర్‌ప్రిటరు అని పేరు. ఆ ఇంగ్లీషు మాటకు దుబాసి యనియే యర్థము. మన పాఠశాలలో పై తరగతులవారు నేర్చుకొనుచున్న పైథాను భాష యిట్టి దుబాసివలననే నడచుచున్నది.

ఇట్టి దుబాసి సాధ్యమేనని గణితశాస్త్ర రీతిని మొట్టమొదట నిరూపించిన మహనీయుడు అలన్ ట్యూరింగు. ఆయన పేరు మన పిల్లలలో పలువురు వినియుందురు. ఆయన తలిదండ్రులు మన ప్రాంతమున కాపురముండి, మన యెండకును వానకును అలవాటుపడినవారని యెఱిగినవారు మాత్రము తక్కువ. కావున ఈ సంవత్సరపు సంచికయందు ఆయన చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాను.

అలన్ తండ్రి జూలియస్ మాథిసన్ ట్యూరింగు ఒక పాదిరిగారి కుమారుడు. ఇండియన్ సివిల్ సర్వీసు పరీక్షయందు గెలుపొంది 1896లో చెన్నపురి రాజధానికి ఉద్యోగియై వచ్చెను. తల్లి ఈతెల్ సారా స్టోనీ 1881లో పోదనూరులో జన్మించెను. ఆమె తండ్రి ఎడ్వర్డు వాలర్ స్టోనీ దక్షిణదేశపు రైల్వేలలో గొప్ప ఇంజనీరు. తుంగభద్రపై వంతెన గట్టినవాడు, చప్పుడు చేయని పంకాచక్రమును గల్పించినవాడు ఆయనయే. జూలియస్, ఈతెల్ 1907లో డబ్లిను నగరమున వివాహమాడి మరల ఈ దేశమునకు వచ్చిరి. 1908లో కూనూరున వారికి పెద్దకుమారుడు జాన్ పుట్టెను. పిమ్మట ఉద్యోగరీత్యా వారు పార్వతీపురము, విశాఖపట్టణము, అనంతపురము, బెజవాడ, శ్రీకాకుళము, కర్నూలు మొదలగు చోట్లు తిరిగి, 1911 మార్చి నెలలో గంజాము జిల్లాలోని ఛత్రపురమునకు జేరిరి. ఆ కాలమున గంజాము జిల్లాయు, విశాఖపట్టణము జిల్లాయు ఒకే రాజధానిలోనివి. ఛత్రపురము నేడు ఒడిశాలో నున్నది. అక్కడ నుండగానే ఈతెల్ రెండవసారి గర్భవతి యయ్యెను. ప్రసవమునకై దంపతులు ఇంగ్లండునకు బోగా, 1912 జూన్ 23వ తేదీన లండను నగరమున అలన్ జన్మించెను.

ఇక్కడి ఉష్ణము పసిబిడ్డలకు సరిపడదను భయముచేత తలిదండ్రులు పిల్లల నిరువురను ఇంగ్లండులోనే విడిచిరి. సెంటు లెనార్డ్సు అను సముద్రతీరపు పట్టణమున వార్డు అను కర్నలుగారి యింట వారిని పెంపునకుంచిరి. తండ్రి ముందుగా మరలివచ్చెను. 1913లో తల్లియు వచ్చెను. అప్పటికి అలన్‌కు రెండేండ్లయినను నిండలేదు. తండ్రి 1924లో ఉద్యోగము మానువఱకు ఈ కుటుంబము ఒకచోట స్థిరముగా నుండుట యెన్నడును లేకపోయెను. మన వసతిగృహమున నుండి చదువుకొనుచు, వేటకు బోయిన తండ్రినో, మన్యమున నున్న తల్లినో తలచుకొని రాత్రివేళ దుప్పటి ముసుగుపెట్టుకొను బాలునికి, ఆ పసివాని బాల్య మెట్లుండెనో నేను వర్ణింప నక్కఱలేదు.

బాలుడు మూడు వారములలో తనంతట తానే చదువ నేర్చెను. పదేండ్లప్పుడు బ్రూస్టరు అను నాయన బాలురకై వ్రాసిన ప్రకృతిశాస్త్ర గ్రంథ మొకటి యాతని చేతికి వచ్చెను. దేహముకూడ ఒక విధమైన యంత్రమేయని చెప్పు ఆ పుస్తక మాతని మనస్సున జీవితాంతము నిలిచెను. 1926లో షెర్‌బర్ను పాఠశాలలో జేరవలసిన దినమున దేశమంతటను సమ్మె జరుగుటచే రైళ్లు నిలిచిపోయెను. అప్పుడు పదునాలుగేండ్లయినను నిండని ఆ బాలుడు సౌతాంప్టను రేవులో దిగి, అరువదిమైళ్లు సైకిలు త్రొక్కుకొనుచు, నడుమ నొక రాత్రి సత్రమున బసచేసి, పాఠశాల జేరెను. ఐనను ఉపాధ్యాయులు వానిని మెచ్చలేదు. చేతివ్రాత యసహ్యము, సిరా మరకలు, పాఠ్యక్రమము విడిచి తనకు దోచిన లెక్కలు చేయుట, ఇవియే వారి ఫిర్యాదులు. ఉపాధ్యాయుడనైన నేను ఈ భాగమును చదివినప్పుడెల్ల, నా తరగతిలో వెనుక బల్లపై గూర్చున్నవారి నొకసారి తలయెత్తి చూచుచుందును.

ఆ పాఠశాలలో క్రిస్టఫర్ మార్కమ్ అను విద్యార్థి యొకడుండెను. వయస్సున నొక యేడు పెద్ద, శాస్త్రమునందు సమానుడు, వ్రాతయందును ప్రవర్తనయందును శుభ్రుడు. అలన్ ప్రాణముకంటె నధికముగా ప్రేమించిన స్నేహితు డతడు. క్షయరోగము సోకిన పశువు పాలు చిన్ననాడు త్రాగుటచే మార్కమ్ రోగియై, 1930 ఫిబ్రవరి 13న మరణించెను. అలన్ దుఃఖమునకు మేరలేకుండెను. మృతుని తల్లికి ఆతడు ఉత్తరములు వ్రాయుచు, దేహము నశించినపిమ్మట ఆత్మ యెక్కడ నుండును, అణువులతో గూడిన మెదడునకును మనస్సునకును గల సంబంధమేమి యని తర్కించుచుండెను. కాలక్రమమున ఆయన దైవవిశ్వాసమును విడిచెను. క్రైస్తవ పాఠశాల పత్రికయందు దీనిని దాచిపెట్టుట న్యాయము కాదు. కాని యంత్రము తలంపగలదా యను ఆయన జీవితకాలపు ప్రశ్నకు మూలము ఈ సమాధియొద్దనే యున్నదని పలువురు తలంతురు. నేనును అట్లే తలంచుచున్నాను.

1931లో అలన్ కేంబ్రిడ్జియందలి కింగ్స్ కళాశాలలో జేరెను. 1935లో, ఇరువదిరెండవ యేట, ఆ కళాశాలకు ఫెలోగా నెన్నుకొనబడెను. ఆ యేడే న్యూమన్ అను ఆచార్యుని యుపన్యాసములయందు, జర్మను గణితజ్ఞుడైన హిల్బర్టు 1928లో ముందుంచిన యొక గొప్ప ప్రశ్న నాయన వినెను. గణితశాస్త్రమున నేదేని యొక ప్రతిపాదన నిచ్చినచో, అది సిద్ధించునా సిద్ధింపదా యని నిస్సందేహముగా తేల్చిచెప్పు నిశ్చితమైన పద్ధతి యొకటి కలదా? ఇదియే ఆ ప్రశ్న. పద్ధతి యనగా నేమో ముందు స్పష్టముగా నిర్ణయింపకుండ దీనికి లేదని యుత్తర మిచ్చుట యెవరికిని సాధ్యము కాకుండెను.

ట్యూరింగు పద్ధతిని యంత్రముగా భావించెను. కచ్చేరిలో కూర్చుండి కూడికలు తీసివేతలు చేయు గుమాస్తాను తలంచుకొనుడు. వాని ముందు గళ్ల కాగిత మున్నది. వాడు ఒక్కొక్క తడవ ఒక్క గడిని జూచును. అందున్న గుర్తును, తన మనస్సులోని స్థితిని బట్టి, ఆ గుర్తును మార్చును, లేదా ప్రక్కగడికి జరుగును, మఱియొక స్థితిని బొందును. ఎంత పెద్ద లెక్కయైనను ఇంత చిన్న పనుల వరుసయే. గుమాస్తాకు బదులుగా యంత్రమును, కాగితమునకు బదులుగా అంతులేని పట్టీని ఉంచినచో ట్యూరింగు యంత్ర మగును. ప్రతి లెక్కకును ప్రత్యేకముగా నొక యంత్రము. ప్రతి యంత్రమునకును ఏ స్థితిలో ఏ గుర్తు కనబడిన నేమి చేయవలెనో చెప్పు పట్టిక యొకటి.

దీనిపై ఆయన వేసిన తరువాతి యడుగు మిక్కిలి యాశ్చర్యకరమైనది. ఆ పట్టికనుకూడ గుర్తులతోనే వ్రాయవచ్చును గదా! ఏ, సీ, డీ, ఎల్, ఆర్, ఎన్ అను నాఱు అక్షరములు, వాక్యములను విడదీయు సెమికోలను గుర్తు, ఈ యేడింటితో ఆయన ప్రపంచమందలి యే యంత్రపు పట్టికనైనను వ్రాసి చూపెను. వానికి 1 మొదలు 7 వఱకు అంకెలనిచ్చినచో ఆ యంత్రమంతయు ఒక పెద్ద సంఖ్యగా మారును. ఇంక మఱియొక యంత్రమును గల్పింపుడు. దీని పట్టీపై ఏ యంత్రపు వర్ణనను వ్రాసి యుంచినను, దానిని జదివి, ఆ యంత్రము చేయు పనినే యిదియు చేయును. దీనికి సార్వత్రిక యంత్రమని పేరు. ఇదియే మన దుబాసి. ప్రోగ్రామును, ప్రోగ్రాము పనిచేయు సమాచారమును ఒకే పట్టీపై ఒకే విధమైన గుర్తులుగా నుండవచ్చునను సత్యము ఇచ్చట వెలువడినది. అటుపిమ్మట, ఇచ్చిన యంత్రము తనకు నియమింపబడిన అంకెలను ఎడతెగక వ్రాయుచునే యుండునా, లేక నడుమ చిక్కుకొనిపోవునా యని ముందుగా తేల్చిచెప్పు యంత్ర ముండజాలదని నిరూపించి, హిల్బర్టు ప్రశ్నకు లేదని యుత్తరమిచ్చెను. ఈ వ్యాసము 1936లో లండను గణితశాస్త్ర సంఘమునకు జేరెను. అమెరికాలో అలొంజో చర్చి అను పండితుడు వేఱొక మార్గమున ఇదే ఫలితమును స్వల్పకాలము ముందు ప్రకటించియుండెను. ట్యూరింగు ఆయనయొద్దకే ప్రిన్స్‌టనునకు బోయి 1938లో డాక్టరు పట్టము పొందెను.

1939 సెప్టెంబరులో యుద్ధము ప్రారంభమైన మఱునాడే ట్యూరింగు బ్లెచ్లీ పార్కు అను రహస్యస్థలమున కొలువునకు జేరెను. జర్మనులు తమ సందేశములను ఎనిగ్మా యను యంత్రముచే మార్చి పంపుచుండిరి. పోలండు దేశపు గణితజ్ఞులు అంతకు ముందే ఆ రహస్యమును కొంత ఛేదించి, తమ విద్యను మిత్రరాజ్యములకు అప్పగించిరి. ఎనిగ్మా ఏ అక్షరమును దాని రూపమునకే మార్చజాలదు. ఈ లోపమును, సందేశమున నుండవచ్చునని యూహింపదగిన మాటలను ఆధారముగా గొని, ట్యూరింగు బాంబె యను శోధనయంత్రమును గల్పించెను. గోర్డను వెల్చ్‌మన్ దానిని మెఱుగుపఱచెను. మొదటి బాంబె 1940 మార్చిలో పనికి వచ్చెను. యుద్ధాంతమునకు ఇంచుమించు 200 యుండెను. ఓడలను ముంచు జలాంతర్గాముల సంకేతములను ఛేదించు విభాగమునకు ట్యూరింగే నాయకుడు. 1942 ఏప్రిల్ 6న మన పట్టణముపై జపానువారు బాంబులు వేసిననాడు జనులు మూటలు గట్టుకొని పల్లెలకు పరుగెత్తిన సంగతి మన పెద్దలు చెప్పగా వినియున్నాము. ఆ యుద్ధముననే, మఱియొక సముద్రముపై, ఎందఱో నావికుల ప్రాణములు ఈ నిశ్శబ్దపు పరిశ్రమచే నిలిచినవి.

అక్కడివారు ఆయనను విచిత్రపురుషునిగా నెంచిరి. వేసవిలో పుప్పొడివలన తుమ్ములు రాకుండ ముసుగు తొడిగికొని సైకిలుపై వచ్చెడివాడు. ఆ సైకిలు గొలుసు నిర్ణీతమైన చుట్లకొకసారి ఊడిపోవుచుండగా, బాగుచేయింపక, త్రొక్కుట లెక్కబెట్టి సరియైన క్షణమున దిగి సవరించుకొనెడివాడు. మారథాను పరుగును 1947లో 2 గంటల 46 నిమిషములలో ముగించిన దృఢకాయుడు. 1946లో ప్రభుత్వము బిరుదు నిచ్చెను గాని, ఎందు కిచ్చినదో చెప్పుటకు వీలులేదు. ఆ రహస్యము 1970వ దశకమువఱకు వెలువడలేదు. ఆయన చేసిన మేలు ఆయన జీవితకాలమున లోకమునకు దెలియనే లేదు.

1945లో ఆయన జాతీయ భౌతిక ప్రయోగశాలలో జేరి, ఏస్ అను కంప్యూటరు నిర్మాణమునకు సమగ్రమైన ప్రణాళికను వ్రాసెను. కాగితముపై నున్న యంత్రమునకును ఇనుముతో గట్టు యంత్రమునకును గల భేదమును ఇచ్చట మనము గ్రహింపవలెను. సార్వత్రిక యంత్రమునకు గుర్తు, గడి, జరుగుట తప్ప మఱేమియు దెలియదు. సంఖ్య యనిన నేమో, అక్షర మనిన నేమో అది యెఱుగదు. అవియన్నియు పట్టికలతో గట్టుకొనవలసినవే. సిద్ధాంతమునకు ఇది చాలును. కాని రెండు సంఖ్యలను గూడుటకు ఇట్లు గడిగడికి నడచుచుండిన కాలమంతయు వ్యర్థ మగును. కావున ఏ పనులు యంత్రమునకు పుట్టుకతో రావలెను, ఏవి ప్రోగ్రాములుగా వ్రాసికొనవలెను అను ప్రశ్న యేర్పడును. ఏస్ యంత్రమున 32 అంకెల గుంపు ఒక మాట. దానిపై కూడికలు, తార్కిక క్రియలు మొదలగువానిని మాత్రము యంత్రమున నుంచి, తక్కినవానిని ఆదేశపట్టికలతో నిర్మించుకొనవలెనని ట్యూరింగు అభిప్రాయము. ఒక పట్టిక మఱియొక పట్టికను పిలిచి, పని ముగిసిన పిదప మొదటి చోటికే తిరిగివచ్చు మార్గమును ఆయన ఆనాడే చూపెను. కార్యాలయపు జాప్యములచే విసిగి 1948లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు బోయెను. ఏస్ యొక్క చిన్నరూపము 1950 మే నెలలో పనిచేసెను.

మాంచెస్టరు యంత్రమున ఒక పంక్తికి 40 అంకెలు. అన్నియు సున్నలో ఒకట్లో. దానికై ట్యూరింగు 1951లో ప్రోగ్రాములు వ్రాయువారికొక కరదీపిక వ్రాసెను. ఆ నలువది అంకెలనే ఒకప్పుడు చిహ్నము లేని సంఖ్యగాను, ఒకప్పుడు ఋణచిహ్నము గలదిగాను చదువవచ్చును. లేదా రెండు ఆదేశములుగా నెంచవచ్చును. ఏదియో నిర్ణయించునది ఆ పంక్తి కాదు, చదువువాడు. చిన్న యుదాహరణము చెప్పెదను. ఎనిమిది ఒకట్లు వరుసగా నున్నవనుకొనుడు. చిహ్నము లేని సంఖ్యయని చదివిన 255. చిహ్నము గలదని చదివిన ఋణము 1. అట్లే 3077 అను సంఖ్యను అక్షరమని చదివినచో నేటి యూనికోడు ప్రకారము మన తెలుగు అకారము. గుర్తొకటియే, జాతి వేఱు. ఈ జాతినే ఇంగ్లీషున టైపు అందురు.

నేటి దుబాసి యీ చిక్కును ఎట్లు పరిష్కరించుచున్నదో చెప్పెదను. మన రేవులో బొగ్గు, ఇనుప ఖనిజము, ఎరువు మొదలగు సరకులు వచ్చుచు పోవుచుండును. మూసిన పెట్టెను బట్టి లోపల నేమున్నదో తెలియదు. పెట్టెపై నంటించిన చీటిని జూచి దానినే గిడ్డంగికి బంపవలెనో నిర్ణయింతురు. పైథాను దుబాసి ప్రతి విలువకును ఇట్టి చీటి నంటించి యుంచును. కూడిక గుర్తు కనబడగనే ముందు రెండు చీటీలను జదువును. రెండును పూర్ణసంఖ్యలైనచో సంఖ్యలను గూడు పనిని పిలుచును. రెండును అక్షరమాలలైనచో ఒకదాని చివర నింకొకదానిని జేర్చును. ఒకటి సంఖ్య, ఒకటి అక్షరమాల యైనచో పొరపాటని చెప్పి నిలిచిపోవును. పూర్ణసంఖ్య, అక్షరమాల, జాబితా, నిఘంటువు మొదలగునవి దుబాసియందే పుట్టుకతో నుండు జాతులు. సాధారణముగా వాడుకలో నున్న పైథాను దుబాసియందు ఇవి సీ యను భాషలో వ్రాయబడినవి. పెద్ద సంఖ్యను ముప్పది బిట్ల తునకలుగా విడదీసి దాచుటవలన, నూఱంకెల సంఖ్యనైనను తప్పులేకుండ గూడగలదు. జాబితా నిండినప్పుడు ఇంకను పెద్ద స్థలమును సంపాదించి వస్తువులను అందులోనికి మార్చును. ఇట్టి జాతు లెక్కువైనచో దుబాసి బరువగును. తక్కువైనచో ప్రోగ్రాములు మందగించును. ట్యూరింగు ఏస్ యంత్రమునకు వేసికొన్న ప్రశ్నయే యిది.

మొన్న తరగతిలో ఒక బాలిక రెండు సంఖ్యలను మీటలపై నొత్తి కూడించెను. అయిదును అయిదును కలిపిన పది రావలసినచోట యాబదియైదు వచ్చెను. యంత్రము చెడినదని తరగతియంతయు నవ్విరి. యంత్రము చెడలేదు. మీటల నుండి వచ్చిన దంతయు అక్షరమాలయనియే దుబాసి చీటి యంటించును; సంఖ్యగా మార్చుమని మనము చెప్పవలెను. దుబాసి తన చీటిని నమ్మి తన ధర్మము నెరవేర్చినది. ఆనాడే ట్యూరింగు కథను వ్రాయవలెనను తలంపు నాకు గలిగినది.

1950లో యంత్రము తలంపగలదా యను ప్రశ్నపై ఆయన వ్రాసిన వ్యాసము నేటికిని చర్చింపబడుచున్నది. 1951లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1952లో జంతువుల చర్మముపై మచ్చలును చారలును ఎట్లేర్పడునో గణితముచే వివరించెను. ఆ సంవత్సరముననే ఆయనకు గొప్ప విపత్తు సంభవించెను. పురుషుడు పురుషుని ప్రేమించుట ఆ దేశమున చట్టరీత్యా నేరము. ఆయన యింట దొంగతనము జరుగగా పోలీసులకు దెలుపబోయి, విచారణలో తన సంబంధమును దాచక చెప్పెను. 1952 మార్చి 31న న్యాయస్థానము ఆయనను నేరస్థునిగా నిర్ణయించెను. కారాగారమునకు బదులుగా ఒక సంవత్సరము హార్మోను మందు పుచ్చుకొనుట కాయన యొప్పుకొనెను. ఆ మందు దేహమును వికారము చేసెను. రహస్యకార్యములలో పాల్గొను అర్హతయు పోయెను. ఏ దేశమును ఆయన కాపాడెనో ఆ దేశమే ఆయనను అనుమానించెను.

1954 జూన్ 8న విల్మ్‌స్లోలోని తన యింట పడకపై ఆయన మృతుడై యుండుట పనిమనిషి చూచెను. ముందటి దినమే, సైనైడు విషముచే, మరణము సంభవించెను. ప్రక్కన సగము తిన్న ఆపిలు పండుండెను. ఆత్మహత్యయని విచారణాధికారి నిర్ణయించెను. ఇంటిలో రసాయన ప్రయోగములు చేయుచుండగా పొరపాటున జరిగినదని తల్లి కడవఱకు నమ్మెను. ఆయన వయస్సు నలువదియొక్క సంవత్సరములు. కూనూరునను, పార్వతీపురమునను సంసారము చేసిన ఆ తల్లి కుమారుని చరిత్రమును తన చేతులతో వ్రాసి 1959లో ప్రకటించెను. దేశమునకు ఆతడు చేసిన మహోపకారము పూర్తిగా ఆమెకును దెలియదు.

2009లో బ్రిటిషు ప్రధానమంత్రి ప్రభుత్వము పక్షమున క్షమాపణ చెప్పెను. 2013లో రాణి క్షమాభిక్ష ప్రసాదించెను. 2021 జూన్ 23న ఆయన చిత్రముతో ఏబది పౌనుల నోటు వెలువడెను. మన దేశమునను ఇట్టి చట్టమే 377వ సెక్షనుగా నుండగా, వయస్సు వచ్చినవారు పరస్పరము సమ్మతించిన సంబంధము నేరము కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 1966 మొదలుకొని కంప్యూటరు శాస్త్రమున నత్యుత్తమ బహుమానము ట్యూరింగు పేరనే యియ్యబడుచున్నది. 1994లో దానిని పొందినవారిలో నొకరు చిత్తూరు జిల్లా కాటూరున జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డిగారు.

ఈ విషయములను పిల్లల పత్రికయందు వ్రాయవచ్చునా యని నేను కొన్ని దినములు తటపటాయించితిని. మన సంఘములలో ఈ సంగతులపై భిన్నాభిప్రాయము లున్నవి. ఆయన విశ్వాసమును విడిచినవాడు, న్యాయస్థానముచే దోషియనిపించుకొన్నవాడు. ఈ రెండు చీటీలను మాత్రము చూచి పెట్టెను ప్రక్కకు ద్రోసియుండిన, లోపల నేమున్నదో మన మెన్నడు నెఱుగము. యెష్షయి కుమారులలో పెద్దవాని యెత్తును జూచి మోసపోబోయిన సమూయేలు ప్రవక్త కథను మీరు ఆదివారపు బడిలో నేర్చుకొన్నారు. చీటిని జూచి నడచుట యంత్రమునకు ధర్మము. అది లేనిచో ఆ పని సాగదు. మనుష్యునియెడల మనుష్యునికి అది ధర్మము కాదు.

విద్యార్థులారా, మీలో చేతివ్రాత చెడ్డదని మందలింపబడువా డుండవచ్చును. తలిదండ్రులకు దూరమై యొంటరిగా గూర్చుండువా డుండవచ్చును. తక్కినవారివలె లేనని తనలో తాను భయపడువా డుండవచ్చును. అట్టివాని ప్రక్కన బోయి కూర్చుండుడు. మీరే అట్టివారైనచో, మీ ఉపాధ్యాయులలో నెవరియొద్దకైనను నిర్భయముగా రండు. మా తలుపు మూసియుండదు. ట్యూరింగునకు షెర్‌బర్నులో ఒక్క స్నేహితుడు దొరకెను. ఆ స్నేహము నుండి ఎంత ఫలము గలిగెనో చూచితిరి గదా. కడపటి దినములలో ఆయన తలుపు తట్టినవా రింకను కొందఱుండినచో ఇంకెంత గలిగెడిదో దేవునికే యెఱుక.